వస్తువు నుంచి కవిత ఎలా రాయాలి: గిన్నె మీద పేరు, గ్యాస్ బండ మీద అక్షరం

కవిత రాయాలని కూర్చున్నవారిలో చాలామంది వెన్నెల, వాన, సముద్రం, ఒంటరితనం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ విషయాలలో తప్పేమీ లేదు. వాటిని గురించి ఇదివరకే ఎందరో చెప్పిన మాటలు మన నాలుక మీద సిద్ధంగా ఉండడం వల్ల, రాస్తున్నది మనమేనా, ఎప్పుడో చదివినదే మళ్ళీ పలుకుతున్నామా అన్నది తేల్చుకోవడం కష్టమవుతుంది. వంటింటి గూటిలోనో, బీరువా అరలోనో పడి ఉన్న వస్తువు విషయంలో ఆ చిక్కు తక్కువ. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడి ఉండరు కనుక, మాటలను మనమే వెతుక్కోవలసి వస్తుంది.

కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ కూడా కవిత్వానికి తగినవేనని శ్రీశ్రీ చెప్పిన మాట 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’లోనే ఉంది. ఆ మాట మనకు అనుమతి ఇచ్చింది గాని, పద్ధతి చెప్పలేదు. అనుమతిని అందుకున్నవారు వస్తువును చూడడానికి ముందే దాని అర్థాన్ని నిర్ణయించుకుని, కొవ్వొత్తిని త్యాగమూర్తిగా, చీపురును అమ్మగా, గోడ గడియారాన్ని మృత్యువుగా మార్చి వందల కవితలు రాశారు. నా అభిప్రాయంలో పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు దిశలో ఉంది: వస్తువును గురించిన నిజాలు ముందు పోగు కావాలి, అర్థం ఆ తరువాత రావాలి, రాకపోయినా ఫరవాలేదు. కింద చెప్పిన వరుసలో ఒక్క వస్తువుతో ఒక్క కవిత ప్రయత్నించి చూడండి.

ముందుగా వస్తువును ఎంచుకోవడం

ఇప్పటికే కవిత్వంలో బాగా నలిగిన వస్తువులను పక్కన పెట్టండి. కొవ్వొత్తి, ఖాళీ కుర్చీ, పాత ఉత్తరం, తాతగారి కళ్ళజోడు, విరిగిన అద్దం వంటివి చేతిలోకి తీసుకోగానే తమ అర్థాన్ని తామే చెప్పేస్తాయి. అలాగే మీరు ఎన్నడూ తిప్పని తిరగలి, ఎన్నడూ వెలిగించని లాంతరు కూడా వద్దు. పెరట్లో అలంకారానికి పెట్టిన తిరగలి మీద రాస్తే వచ్చేది ఎక్కువగా పోయిన కాలం మీద బెంగే గాని, ఆ రాయికి గంట్లు కొట్టించినవారికి తెలిసిన సంగతి కాదు.

మంచి వస్తువును గుర్తుపట్టడానికి నేను రెండే గుర్తులు చూస్తాను. ఒకటి, దానిని ఒకరికంటే ఎక్కువమంది చేతులు వాడి ఉండాలి. రెండు, దాని మీద ఏదో ఒక గుర్తు, అంకె, అక్షరం, సొట్ట, మరక, అరుగుదల ఉండాలి. ఈ లెక్కన చూస్తే ఇల్లు నిండా ఉన్నాయి. పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ, పనిమనిషి రాని రోజులు, ఎవరిదో సీమంతం, అన్నీ ఒకే గడిలో ఇరుక్కున్న గోడ క్యాలెండర్ ఒకటి. గాజులకో, మంగళసూత్రానికో తగిలించి ఉంచే పిన్నీసు ఒకటి. ఒకప్పుడు కండక్టరు చిల్లర లేక వెనకవైపు బాకీ రాసి ఇచ్చిన బస్సు టికెట్టు మరొకటి. కొత్త వస్తువులనూ చిన్నచూపు చూడవద్దు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి ఇస్తున్న ‘జీరో టికెట్’ మీద ఎక్కిన చోటు, దిగే చోటు ఉంటాయి, డబ్బులు చెల్లించనక్కరలేదు. డబ్బులు లేని ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకునేవారిని, దిగగానే నలిపి పారేసేవారిని పక్కపక్కన చూడగలిగితే అందులో కవితకు కావలసినంత సరుకు ఉంది.

విదేశాలలో ఉంటున్నవారు ఊరి నుంచి తెచ్చుకున్న వస్తువుల కోసం మాత్రమే వెతకనక్కరలేదు. 23 కిలోల పరిమితి దాటకుండా సూట్‌కేసును తూచడానికి వాడే చేతి త్రాసు ఉంది గదా, ఆవకాయ సీసా తీయాలా, బట్టలు తీయాలా అన్న తగవును ప్రతి ప్రయాణంలోనూ దగ్గరుండి చూసినది అదే.

రెండో పని: ‘లాగా’ లేకుండా చూడడం

వస్తువును బల్ల మీద పెట్టుకుని, ఒక కాగితం మీద దాని గురించి మీకు కనిపించే నిజాలను మాత్రమే రాయండి. ఈ దశలో మూడు నిషేధాలు పాటించాలి. ‘లాగా’, ‘వలె’ అనే పోలికలు రాయకూడదు. ‘అందమైన’, ‘దీనమైన’, ‘మౌనమైన’ వంటి విశేషణాలు రాయకూడదు. వస్తువుకు కన్నీళ్ళు, ఎదురుచూపులు అంటగట్టకూడదు. బరువెంత, ఎక్కడ అరిగింది, ఏ చప్పుడు చేస్తుంది, అడుగున ఏముంది, వాసన ఏమిటి, ఎవరు ఎత్తుతారు, ఎక్కడ దాస్తారు వంటి ప్రశ్నలకు జవాబులు రాయాలి. కనీసం ఇరవై వాక్యాలు వచ్చేదాకా లేవవద్దు. మొదటి అయిదారు వాక్యాలు ఎవరికైనా తడతాయి, పదో వాక్యం దగ్గర విసుగు పుడుతుంది, ఆ విసుగు దాటిన తరువాత గాని అసలైన చూపు మొదలు కాదు.

ఉదాహరణకు ఇంట్లోని గ్యాస్ బండను తీసుకోండి. ఎర్ర రంగు, బరువు, నేల మీద దొర్లించేటప్పుడు వచ్చే మోత అందరికీ తెలిసినవే. పైనున్న గుండ్రని పట్టీని బండకు కలిపి ఉంచే నిలువు ఇనుప పట్టీల లోపలివైపు వంగి చూస్తే, ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన సంవత్సరంలోని చివరి రెండు అంకెలు కనిపిస్తాయి. ‘ఎ’ అంటే జనవరి నుంచి మార్చి, ‘బి’ అంటే ఏప్రిల్ నుంచి జూన్, ‘సి’ అంటే జూలై నుంచి సెప్టెంబరు, ‘డి’ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. బండను తిరిగి పరీక్షకు పంపవలసిన గడువు అది. అంటే ‘బి 27’ అని ఉంటే 2027 జూన్ నెలాఖరులోగా దానిని పరీక్షించాలి. పట్టీ మీదే ఖాళీ బండ బరువు కూడా రాసి ఉంటుంది; దానికి 14.2 కిలోల గ్యాస్ కలిపితే ఇంటికి వచ్చిన బండ బరువు వస్తుంది. రోజూ అన్నం ఉడికించే వస్తువు తన గడువును తన మెడ మీదే రాసుకుని తిరుగుతోందన్నమాట. చూశారా, నిషేధించిన పోలిక దానంతట అదే నా వాక్యంలోకి దూరబోయింది. మీకూ అలాగే దూరుతుంది. దూరినప్పుడు దానిని కాగితం అంచున విడిగా రాసి పెట్టుకుని, మళ్ళీ నిజాలలోకి రండి. ఇరవై వాక్యాలు పూర్తయ్యాక కూడా ఆ పోలిక నిలబడితే అప్పుడు ఆలోచించవచ్చు.

మూడో పని: వాడే మనిషిని అడగడం

కన్ను చెప్పగలిగినది అయిపోయిన తరువాత, ఆ వస్తువును రోజూ వాడేవారి దగ్గరకు వెళ్ళాలి. ఈ పని చాలామంది కవులు చేయరు. ఊహతో నింపేయవచ్చుననుకుంటారు గాని, ఊహ ఇచ్చేవి ఎప్పుడూ మనకు ముందే తెలిసిన సంగతులే.

“దీని గురించి మీకేమనిపిస్తుంది?” అని అడిగితే ఎవరూ జవాబు చెప్పరు, చెప్పినా సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. పనికి సంబంధించిన చిన్న ప్రశ్న అడగండి. “అత్తయ్యా, ఈ బిందె మీ పెళ్ళికి ఎవరు పెట్టారు?” అని అడిగి చూడండి. “మా పెద్దమేనత్త. కాసులు పెడతానని చెప్పి చివరికి ఇది పెట్టింది” అన్న జవాబు రావచ్చు. నలభై ఏళ్ళుగా మూతి మీద మూత పెట్టుకుని ఉన్న కథ అలాంటి ఒక్క వాక్యంలో బయటపడుతుంది. విన్న మాటను విన్నట్టే రాసుకోండి, వారి యాసను మీ పుస్తక భాషలోకి దిద్దవద్దు.

వస్తువు భాగాల పేర్లు కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. మంచం అని ఊరుకున్న కవికి, పట్టెలు, కోళ్ళు, నులక, నవారు తెలిసిన కవికి మధ్య తేడా మొదటి పాదంలోనే కనిపిస్తుంది. తలుపు మీద రాసేవారికి గడప, ద్వారబంధం, గడియ, గొళ్ళెం వేరువేరుగా తెలిసి ఉండాలి. పేరు తెలియకపోతే తెలియనట్టే మామూలు మాటల్లో చెప్పండి. నిఘంటువు నుంచి తెచ్చి అతికించిన పాతమాట కవితలో విడిగా మెరుస్తుంది, అది మంచి మెరుపు కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొన్ని వస్తువుల వెనక మనం చేయని చాకిరీ ఉంటుంది. వీధి ఊడ్చే చీపురు, చెప్పులు కుట్టే ఆరె, డప్పు వంటివి కొందరి బతుకులో గౌరవంతోనూ అవమానంతోనూ ముడిపడి ఉన్నాయి. 1980ల నుంచి వచ్చిన స్త్రీవాద, దళిత కవిత్వం వంటింటినీ, డప్పునూ, చీపురునూ వాటిని మోసినవారి నోటితోనే మాట్లాడించింది. ఆ తరువాత కూడా గట్టు మీద కూర్చుని ‘ఓ చీపురూ, నీకు వందనం’ అని రాయడం బాగుండదు. ఆ వస్తువులు మీ చేతివి కాకపోతే, వాటికీ మీకూ మధ్య ఉన్న దూరాన్నే నిజాయితీగా రాయవచ్చు, లేదా వేరే వస్తువును చూసుకోవచ్చు.

నాలుగో పని: పొడుపుకథ కట్టడం

నా దృష్టిలో మొత్తం పద్ధతికి ఇదే కీలకం. తెలుగులో వస్తువులను కవిత్వంలోకి తెచ్చిన దారులు రెండున్నాయి. శతక పద్యం ఒక దారి. వేమన ఉప్పునూ కర్పూరాన్నీ, కంచునూ బంగారాన్నీ, చెప్పులోని రాయినీ తీసుకున్నాడు. అయితే ఆ పద్యాలలో వస్తువు దృష్టాంతం మాత్రమే. నీతి చెప్పడానికి వస్తువును పిలిచి, నీతి చెప్పగానే పంపించేస్తారు. వేమన చేతిలో అది అద్భుతంగా పనిచేసింది, మన చేతిలో మాత్రం ఉపన్యాసం అవుతోంది.

రెండో దారి పొడుపుకథ. “ఇల్లంతా తిరిగి మూల కూర్చుంది” అంటే చీపురు. “అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది” అంటే కవ్వం. వీటిలో నీతి లేదు, జాలి లేదు, ఒక్క విశేషణం కూడా లేదు. ఉన్నవన్నీ క్రియలే. వస్తువు ఏం చేస్తుందో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి, పేరు దాచేశారు. పేరు దాచడం వల్ల వినేవాడు వస్తువును మనసులో తానే తయారుచేసుకోవలసి వస్తుంది. కవిత్వం పాఠకుడి చేత చేయించవలసిన పని కూడా సరిగ్గా అదే.

కాబట్టి మీరు పోగుచేసిన నిజాలలో నుంచి మూడు నాలుగింటిని ఏరుకుని, వస్తువు పేరు రానివ్వకుండా ఒక పొడుపుకథ కట్టండి. పిన్నీసు మీద ఇలా రావచ్చు:

నోరు మూసుకుంటేనే కొలువు,
తెరిచిందంటే రక్తం.
గాజుల సందున వేలాడుతూ
ఎవరి చెంగు చిరుగుతుందా అని చూస్తుంది.

దీనిని ఇంట్లో ఎవరికైనా వినిపించండి. వెంటనే విప్పేస్తే మీరు అందరికీ తెలిసిన గుణాలనే ఏరుకున్నారన్నమాట. ఎంతకీ విప్పలేకపోతే వస్తువును వదిలి ఎక్కడికో వెళ్ళిపోయారన్నమాట. కాసేపు తడబడి, “ఆఁ, పిన్నీసు!” అని నవ్వితే మీ దగ్గర కవితకు పనికివచ్చే ముడిసరుకు ఉన్నట్టే. పిల్లలు ఈ పరీక్షకు పెద్దలకంటే బాగా పనికివస్తారు, మొహమాటపడరు గనుక.

అయిదో పని: చిత్తు రాయడం, రాసినది కొట్టివేయడం

ఇప్పుడు స్టీలు గిన్నెల సంగతి చూద్దాం. ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి వేయించే రోజులు పోయి స్టీలు సామాను ఇంటింటికీ వచ్చాక, కొన్న గిన్నెల మీద పేర్లు కొట్టించడం మనకు అలవాటయింది. ఇచ్చినవారి పేరు, కొన్నిసార్లు ఊరు, పెళ్ళో గృహప్రవేశమో జరిగిన తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. వేళ్ళతో తడిమితే గరుకుగా తగులుతాయి. ఏళ్ళ తరబడి పీచుతో తోమడం వల్ల కొన్ని చుక్కలు అరిగి, అక్షరాలు మరో పేరులాగా కనిపిస్తుంటాయి. ఇరుగుపొరుగు ఇళ్ళకు కూర పంపినప్పుడు గిన్నె తిరిగి రావడానికి ఆ పేరే పూచీ. పెళ్ళిలో ఎవరు ఏం పెట్టారన్న లెక్క కూడా అటక మీద ఆ పేర్ల రూపంలోనే భద్రంగా ఉంటుంది. బంధుత్వాల చరిత్రను ఇంత ఓపికగా దాచిపెట్టిన వస్తువు మన ఇళ్ళలో మరొకటి ఉన్నట్టు నాకు తోచదు.

ఇలాంటి గిన్నె మీద తొందరపడి రాస్తే చిత్తు ప్రతి ఈ విధంగా వస్తుంది:

ఓ స్టీలు గిన్నే!
నీవు అమ్మ ప్రేమకు ప్రతిరూపం.
ఎన్ని ఆకలి కడుపులు నింపావో,
నీ మెరుపులో ఆమె చిరునవ్వు.

గిన్నె అన్న చోట ‘గరిటె’ అని మార్చి చదవండి. ‘పళ్ళెం’ అని మార్చండి. ‘చెంబు’ అని మార్చండి. కవితకు ఏమీ కాదు. మరో వస్తువును కూర్చోబెట్టినా చెక్కుచెదరని కవిత ఈ వస్తువును గురించి రాసినది కాదని అర్థం. మీరు రాసిన ప్రతి చిత్తుకూ ఈ పరీక్ష పెట్టండి. చాలా కఠినమైన పరీక్షే గాని, ఒక్క నిమిషంలో అయిపోతుంది.

ఇప్పుడు రెండో పనిలో రాసుకున్న నిజాలను, మూడో పనిలో విన్న మాటలను పక్కన పెట్టుకుని తిరగరాస్తే ఇలా ఉండవచ్చు:

చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు.
ఇంటిపేరులో ఒక అక్షరం
పీచు రాపిడికి పోయింది.
కింద ఊరు ఉంది, పెళ్ళి తేదీ ఉంది.
ఇచ్చినవాళ్ళకూ మాకూ
మాటలు లేవు.
పెరుగు మాత్రం రోజూ
ఇందులోనే తోడు వేస్తాం.

ఇది గొప్ప కవిత అని నేను అనను. మొదటిదానికంటే ఎందుకు మేలో మాత్రం చూపగలను. ఇందులో గిన్నెను పిలవలేదు, పొగడలేదు, గిన్నె అన్న మాటే లేదు. అరిగిన అక్షరం ఊహించినది కాదు, గిన్నె తిప్పి చూస్తే దొరికినది. తగవు ఏమిటో, తప్పు ఎవరిదో చెప్పలేదు. చెప్పి ఉంటే కవిత ఆ ఇంటి పంచాయితీ అయిపోయేది. గరిటె మీద పేరు కొట్టించినా పెరుగు తోడు వేయడానికి వీలు లేదు గనుక, వస్తువును మార్చే పరీక్షకు కూడా ఇది లొంగదు.

తిరగరాసేటప్పుడు మూడు చోట్ల కత్తెర పెట్టండి. మొదటి పాదంలో ‘ఓ’ అన్న పిలుపు ఉంటే తీసేయండి. మధ్యలో రెండు పోలికలు ఉంటే ఒకటి తీసేయండి, ఒక్కటే ఉంటే అది లేకుండా ఒకసారి చదివి చూడండి. చివరి పాదం ‘జీవితం’, ‘మనిషి’, ‘కాలం’, ‘బతుకంటే’ అన్న మాటలతో మొదలైతే దానిని పూర్తిగా కొట్టివేసి, దాని పైపాదం దగ్గర ఆపండి. తెలుగు వచన కవితలలో సగానికి సగం చివరి రెండు పాదాలు కోసేస్తే బాగుపడతాయని నా గట్టి నమ్మకం. సభలో చప్పట్ల కోసం ఆ పాదాలు పుడతాయి గాని, కాగితం మీద చదివేవాడికి వాటితో పని లేదు.

ఛందస్సు తెలిసినవారు ఇదే సరుకును ఆటవెలదిలో పెట్టి చూడవచ్చు. మొదటి, మూడో పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; రెండో, నాలుగో పాదాలలో అయిదు సూర్యగణాలు కుదరాలంటే అనవసరమైన మాటలు వాటంతటవే రాలిపోతాయి. పద్యం చివర నీతి చెప్పాలన్న వేమన కాలపు అలవాటు మాత్రం వెంటనే తలెత్తుతుంది, దానిని అణచుకోవాలి. ఛందస్సు రానివారు వచనంలోనే రాసి, పైకి చదివి, ఊపిరి ఆగిన చోట పాదం విరిస్తే చాలు.

కవిత రాకపోతే

అన్ని పనులూ చేశాక కూడా కొన్ని వస్తువులు కవితను ఇవ్వవు. అప్పుడు ఆ నిజాల కాగితాన్ని పారేయకుండా తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో అంటించి పెట్టండి. రెండు వస్తువుల కాగితాలు పక్కపక్కన పడినప్పుడు, విడివిడిగా మూగగా ఉన్నవి కలిసి మాట్లాడడం తరచుగా జరుగుతుంది. పట్టీ మీద గడువు రాసి ఉన్న గ్యాస్ బండను, బండ వచ్చిన తేదీని గడిలో రాసుకున్న క్యాలెండర్‌ను కలిపి చదివితే, ఆ ఇంట్లో ఏ నెలలో చుట్టాలు ఎక్కువగా వచ్చారో, ఏ నెలలో పొయ్యి తక్కువగా వెలిగిందో తెలిసిపోతుంది. నిరుడు రెండు నెలలు వచ్చిన బండ ఈ ఏడు మూడున్నర నెలలు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంటివారికి తెలుసు. అది అడిగి తెలుసుకోవలసిన సంగతి, కనుక మళ్ళీ మూడో పని దగ్గరకు వెళ్ళాలి.

శీర్షిక అన్నిటికంటే చివర పెట్టండి. కవితలో వస్తువు పేరు ఎక్కడా రాకపోతే ఆ పేరునే శీర్షికగా పెట్టవచ్చు, పాఠకుడికి దారి దొరుకుతుంది. కవితలోనే పేరు వచ్చి ఉంటే శీర్షికలో దానిని మళ్ళీ చెప్పక, ఇచ్చిన సందర్భాన్నో, ఊరినో, తేదీనో పెట్టండి. పైన చూపిన గిన్నె కవితకు ‘గిన్నె’ అన్న రెండక్షరాలు సరిపోతాయి.